బస్సెక్కనోళ్ల బోర్డు

వాన కురుస్తుండగా కండక్టరు రాజమ్మను బస్సు మెట్టు మీది నుంచి బురదలోకి తోసేశాడు. ఆమె చుట్టిన బీడీలు గంపతో సహా నీళ్లపాలయ్యాయి. కార్ఖానాలో తడి బీడీలు తీసుకోలేదు. మొగుడి మగ్గానికి నూలు దొరకని రోజులవి. ఆ పూట వాళ్లింట్లో పొయ్యి వెలగలేదు.

తంబాకు వాసనకు పెద్దమనుషులకు కడుపులో తిప్పుతుందట. అందుకని బీడీ గంపలను బస్సెక్కించవద్దని రవాణా బోర్డు తీర్మానించింది. ఆ బోర్డు వైభవం చూడాలి. ఒక పెద్ద అధికారి, ఒక పోలీసు దొర, ఒక మిల్లు యజమాని, బస్సుల యజమాని బామ్మర్ది. నలుగురికీ మోటారు కార్లే. జన్మలో బస్సెక్కని ఈ మహానుభావులు బస్సు ఎవరెక్కాలో తేలుస్తారు.

బోర్డులో మనవాడొకడు ఉండాలని షోలాపూర్‌లో మా నేతగాళ్ల సాలెపేటంతా సభ పెట్టి అడిగాం. సర్కారు సంతోషంగా దత్తాత్రి సేఠ్‌ను వేసింది. మా కులమే, కాని మగ్గాల కార్ఖానా యజమాని. మా తెలివి తెల్లారినట్టే ఉంది, బాజాలు పెట్టి ఊరేగించాం. మొదటి మీటింగులోనే వాళ్ల బిస్కెట్లు తిని, ఆ తీర్మానమే కొనసాగాలని చెయ్యెత్తి వచ్చాడు.

మళ్లీ సభ పెట్టాం. ఈసారి రాజమ్మ లేచింది.

"సేఠ్‌ది మన కులమే, గాని మన బతుకు గాదు. గంప మోసేటామె కూసోవాలె ఆడ."

సర్కారు నియమించకుండా ఎట్లా కూర్చుంటామని ముసలి నేతగాడు సిద్ధరాములు సందేహపడ్డాడు. పక్కనే ఉన్న చంద్రభాగ అతని మీద విరుచుకుపడింది.

"సర్కారుకు ఓటేసింది ఎవలు, మామా? మనం గాదా?"

అందరం చేతులెత్తాం. రాజమ్మే మా మెంబరు.

మీటింగు రోజు పేటంతా కదిలి ఆఫీసుకు నడిచాం. దత్తాత్రి ఇంకా రాలేదు. రాజమ్మ అతని కుర్చీలో కూర్చుని, గంప బల్ల మీద పెట్టింది. మిల్లు యజమాని ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నిన్నెవరు నియమించారని అధికారి గద్దించాడు.

"బస్సుల నుంచి నన్ను తోసినోడే నేమించిండు, సాబ్."

పోలీసులు ఆమె రెక్కలు పట్టి ఈడ్చారు. ఆమె గుమ్మం దాటకముందే మాలోంచి యమునాబాయి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. ఆమెనూ లాగేశారు. చంద్రభాగ కూర్చుంది. సిద్ధరాములు కూడా అంగీ సర్దుకుని వరసలో నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి ఠాణాలో నిలబడటానికి చోటు లేదు. ఆఫీసు మెట్ల మీద మా వరస మాత్రం రోడ్డు దాకా ఉంది.