మూసిన బానెట్

మూడోసారి కూడా తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. మేస్త్రి వ్యాను వెనక గొంతుక్కూర్చుని, పొగగొట్టానికి అరచేయి అడ్డుపెట్టి చూశాడు. వేడిగాలి ఒకే తీరుగా తగులుతోంది. ఎక్కడా తడబాటు లేదు.

"బాగానే ఉంది కదా బాబాయ్," అన్నాడు షెడ్డు ఓనరు, స్కానరు వైరు చుట్టుకుంటూ. "మిషన్‌లో కూడా ఏం చూపించట్లేదు. ఇచ్చి పంపేద్దాం."

"మరి రోడ్డు మీద ఎందుకు ఆగిందిరా?"

ఓనరు స్కానరు పక్కన పెట్టేశాడు. అతను పుట్టకముందే, పద్నాలుగో ఏట, అతని తండ్రి దగ్గర పనిలో చేరాడు మేస్త్రి. ఇప్పుడు అరవై రెండు. కుడిచేతి ఉంగరపు వేలి కొస ఫ్యాను బెల్టులో పోయింది. ఎడమ చెవి వినికిడి ఎప్పుడు పోయిందో అతనికే తెలియదు. సొంతానికి సైకిలు తప్ప ఇంకో బండి లేదు.

ఆ వ్యాను రోజు విడిచి రోజు కిడ్నీ రోగులను డయాలసిస్ కోసం ఆసుపత్రికి తీసుకెళ్తుంది. వాళ్లలో మేస్త్రి భార్య ఒకతె. నిన్న తిరిగి వస్తూ డ్రైవరు మందుల షాపు దగ్గర ఇరవై నిమిషాలు ఆపాడు. మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజను వణికింది, కుంటుతూ వంతెన మధ్యదాకా వెళ్లి ఆగిపోయింది. గంట తర్వాత ఏమీ ఎరగనట్టు కదిలింది. "నాకేం కాలేదులే, పక్కనున్న ముసలాయనకే కళ్లు తిరిగాయి," అంది ఆమె ఇంటికొచ్చి. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గోడ పట్టుకుని ఉంది. రేపు మళ్లీ ఆమె వంతు.

"మీ చేతిలో బుద్ధిగా ఉంటుంది బావా, నా చేతికి రాగానే అలుగుతుంది," అన్నాడు డ్రైవరు. మేస్త్రి భార్యను అక్కా అని పిలుస్తాడు కనుక మేస్త్రి అతనికి బావ.

"నీ మొహం చూసి అలుగుతుందేమో."

"అక్క కూడా అదే అంది."

మేస్త్రి నవ్వబోయి ఆగాడు. "మందుల షాపు దగ్గర బానెట్ ఎత్తావా?"

"నేనెందుకెత్తుతాను? మందులకి దిగాను."

మేస్త్రి గుడ్డతో నెమ్మదిగా చేతులు తుడుచుకున్నాడు. పొద్దుటి నుంచి మూడుసార్లు బండిని వేడెక్కించారు. మూడుసార్లూ, ఇంజను ఆగీ ఆగకముందే తనో ఓనరో బానెట్ ఎత్తేశారు. నలభై ఎనిమిదేళ్ల అలవాటు. ఎత్తగానే వేడంతా బయటికి పోయింది, దానితోపాటు తప్పు కూడా పోయింది.

మళ్లీ ఊరి చివరిదాకా నడిపి తీసుకొచ్చారు. ఇంజను ఆపగానే ఓనరు చెయ్యి బానెట్ కిందికి పోయింది. మేస్త్రి ఆ చేతిమీద ఒక్కటి వేశాడు.

"ముట్టుకోకు."

ఇరవై నిమిషాలు గడిచాక తాళం తిప్పితే వ్యాను మొత్తం కంపించింది. పొగగొట్టం దగ్గర పెట్టిన మేస్త్రి అరచేతికి మూడు ఊపులు, ఒక ఖాళీ. మూడు ఊపులు, ఒక ఖాళీ. అప్పుడు బానెట్ ఎత్తి నిప్పురవ్వ పుట్టించే కాయిళ్ల వైర్లు ఒక్కొక్కటే పీకి, పెట్టి చూశాడు. మొదటిది పీకితే ఇంజను ఇంకా కుంగింది. రెండోదీ అంతే. మూడోది పీకితే ఏ తేడా లేదు.

"ఇదే. ఇది పనిచెయ్యట్లేదు."

ఆ కాయిలు తొడుగు మీద వెంట్రుకంత పగులు ఉంది. వేడికి విచ్చుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది. కొత్తది బిగించాడు.

"ఇక వెళ్లనా బావా?"

"ఆగు. ఇంకోసారి వేడెక్కించి చూడందే ఇవ్వను."

ఈసారి మూడూ యాభైకి తిరిగొచ్చాక మేస్త్రి జేబులోంచి చాక్‌ముక్క తీసి బానెట్ మీద పెద్ద అక్షరాలతో రాశాడు: నాలుగూ పది దాకా తెరవొద్దు. డ్రైవరు, ఓనరు టీకి వెళ్లారు. మేస్త్రి వ్యాను ఎక్కి, మధ్య వరసలో కిటికీ పక్కన, భార్య వెళ్లినప్పుడల్లా కూర్చునే చోట కూర్చున్నాడు. సీటు మరీ నిటారుగా ఉంది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

ఎడమ భుజం మళ్లీ లాగడం మొదలుపెట్టింది. నెల రోజులుగా వస్తోంది, పోతోంది. ఇంట్లో ఒక రోగి చాలని ఎవరికీ చెప్పలేదు. తల అద్దానికి ఆన్చి కళ్లు మూసుకున్నాడు.

నాలుగూ పదికి డ్రైవరు వచ్చి తాళం తిప్పాడు. ఇంజను ఒక్క పట్టున అందుకుంది, ఎక్కడా తొట్రుపడలేదు.

"విన్నావా బావా?"

అద్దంలో చూశాడు. నిద్రపట్టిందనుకుని కాసేపు లేపలేదు. ఆ కాసేపూ ఇంజను సాఫీగా తిరుగుతూనే ఉంది.

మేస్త్రి దహనం కోసం ఆమె వంతును ఒక రోజు వాయిదా వేశారు. రెండో రోజు ఆపడానికి వీల్లేదన్నారు డాక్టరు. పొద్దున్నే వ్యాను వచ్చి ఇంటి ముందు ఆగింది. డ్రైవరు దిగి తలుపు తీసి, తల వంచుకు నిలబడ్డాడు.

"పదరా తమ్ముడూ, ఆలస్యమవుతుంది," అంది ఆమె. ఎక్కి, కిటికీ పక్కన తన చోట కూర్చుంది.

కిటికీ అంచు మీద అరంగుళం చాక్‌ముక్క ఉంది, దాని తెలుపు మీద నల్లటి గ్రీజు వేలిముద్ర. ఇంజను తిరుగుతున్నా అది కదలడం లేదు.