కూర్మయ్యను తిరగేయకూడదు

కూర్మయ్య మేత ముట్టక ఆ రోజుకి తొమ్మిది రోజులు. ఉమాశంకర్ తోటకూర పెట్టాడు, మందార పువ్వు పెట్టాడు, దోసకాయ కోసి మూతి దగ్గర ఆడించాడు. చిప్ప నిండా నక్షత్రాలున్న ఆ తాబేలు మొహం తిప్పుకుని, పెరట్లో కొత్త గచ్చును వెనక కాళ్ళతో గీకడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకి అతని పళ్ళు జివ్వుమన్నాయి.

"నీకేటి కావాలో సెప్పి సావు!" అని అరిచాడు.

"సామిని తిట్టకండి," అంది భార్య కుసుమకుమారి వంటింట్లోంచి. "గచ్చు ఏయించొద్దని ఆరోజే మొత్తుకున్నాను."

ఆ గచ్చు వేయించింది కూర్మయ్య కోసమే. దసరా నుంచి పెరడంతా గోతులు తీస్తుంటే, గోడ కింద నుంచి పారిపోతుందని భయపడ్డాడు. ఇప్పుడు గోళ్ళు అరిగి నెత్తురు కారుతోంది. చలికి తాబేళ్ళు మొద్దుబారిపోతాయని ఫోన్‌లో ఎవరో చెబితే బల్బు కట్టాడు, గోరువెచ్చని నీళ్ళలో కూర్చోబెట్టాడు. మొద్దుబారిన జీవి పొద్దస్తమానం ఎందుకు తిరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆసుపత్రికి వెళ్ళడానికి ధైర్యం చాల్లేదు. ఈ రకం తాబేళ్ళను ఇంట్లో పెంచడం నేరం. అటవీ శాఖ వాళ్ళు పట్టుకుపోతారు. రామతీర్థం రోడ్డు మీద లారీ కింద పడబోతుంటే తెచ్చి, పద్నాలుగేళ్ళు సాకాడు.

ఇంతలో కళింగపట్నం నుంచి ఎండు చేపలు తెచ్చే దుర్గ వచ్చింది. తట్ట దించి, పెరట్లోకి చూసి, ముక్కున వేలేసుకుంది.

"ఏటి బాబూ, నిండు సూలాల్ని గచ్చు మీదొగ్గేసినావు?"

"సూలాలేటి? కూర్మయ్య. మగోడు."

"ఎవుడు సెప్పినాడు?"

ఉమాశంకర్‌కి ఆ మాట ఎవరూ చెప్పలేదు. విష్ణుమూర్తి అవతారం కాబట్టి మగవాడు. అంతే.

"మా ఇసకలోకి సముద్దరం తాబేళ్ళు ఏటేటా ఎక్కుతాయి. గుడ్లెట్టే ముందు ఎనక్కాళ్ళతో ఇలాగే తవ్వుతాయి. ఓపాలి తిరగేసి సూడు."

"అపచారం!" కుసుమకుమారి గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. "రోజూ బొట్టెట్టిన సామిని తిరగేస్తారా?"

"తిరగెయ్యను. ఎత్తి సూస్తాను."

ఎత్తి, అడుగు చూశాడు. మగదానికి పొట్ట దగ్గర లోపలికి గుంట ఉంటుందని ఏదో వీడియోలో విన్నాడు. ఇక్కడ పలకలా చదునుగా ఉంది. నిమిషం పని. పద్నాలుగేళ్ళలో ఒక్కసారి చూడలేదు!

గునపం తెచ్చి గచ్చు పగలగొట్టాడు. మట్టిని గుల్ల చేసి నీళ్ళు చల్లాడు. తాబేలు అందులోకి దిగి, కాస్త తవ్వి, ముక్కి, తల వాల్చేసింది. మళ్ళీ ముక్కింది. ఏమీ రాలేదు.

దుర్గ గొంతు తగ్గించింది. "ఆలీసం సేసేసినావు బాబూ. గుడ్లు లోపలే ఉండిపోతే సచ్చిపోద్ది."

ఉమాశంకర్ తాబేలును బకెట్లో పెట్టి బండి తీశాడు.

"అటవీ శాఖోళ్ళకి ఇచ్చేస్తారా?" అంది కుసుమకుమారి ఏడుపు గొంతుతో.

"బతికితే కదా ఇవ్వడానికి! బకెట్టు పట్టుకుని ఎనక ఎక్కు."

శ్రీకాకుళంలో డాక్టర్ మోహనకృష్ణ ఎక్స్‌రే చూసి, "నాలుగు గుడ్లు. మగది లేకపోయినా కోడిపెట్టల్లా పెడతాయి" అన్నాడు. "అటవీ శాఖకి చెప్పాలి. తెలుసు కదా?"

"చెప్పండి. ముందు సూది వెయ్యండి."

సాయంత్రానికి గోనెపట్టా మీద నాలుగు తెల్లటి గుడ్లు పడ్డాయి. అప్పటికే అటవీ శాఖ మనిషి పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. డాక్టర్ నాలుగు తోటకూర ఆకులు వేశాడు. తాబేలు మెడ సాచి, ఓ ఆకు కొరికి, గబగబా నమలసాగింది.

ఉమాశంకర్‌కి ఒళ్ళు మండిపోయింది.

"ఇప్పుడు తింటన్నావేటే!" అన్నాడు. "ఇంటికాడ బతిమాలితే తినడానికి నీకేటొచ్చిందే?"

అటవీ శాఖ మనిషి పెట్టె కింద పెట్టి, మూత తీశాడు.