వెనక చక్రం

ఎస్తేరు గోనెపట్టా మీద కూర్చుని సైకిలు వెనక చక్రానికి పుల్లలు బిగిస్తూ ఉంటుంది, ఒకటి బిగిస్తే దాని పక్కది వదులవుతుంది, దాన్ని బిగిస్తే మొదటిది మళ్ళీ వదులవుతుంది, చక్రం తిప్పి చూస్తే మత్తెక్కిన మనిషిలా ఒక పక్కకి ఒరిగి తిరుగుతుంది. బెండు ఎక్కడుందో చూద్దామని వంగి లేచేసరికి తను కూర్చున్న వరండా గచ్చు కాస్తా కాలవ గట్టు మీది మట్టిబాట అయిపోయి ఉంటుంది. దానికి ఆమెకి ఆశ్చర్యమేమీ కలగదు. ఎదురుగా వాళ్ళక్క మార్తమ్మ తెల్లచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, భుజాన టీకాల పెట్టె తగిలించుకుని నిలబడి ఉంటుంది. అక్క చనిపోయి ఏడు నెలలయిందన్న సంగతి ఎస్తేరుకి కలలోనూ గుర్తే, అయినా ఆలస్యం చేస్తున్నందుకు అక్క ఏమంటుందోనన్న భయమే ఆమెకి ఎక్కువగా ఉంటుంది.

"ఇంకా కాలేదటే?" అంటుంది మార్తమ్మ. "పొద్దెక్కిపోతంది. పిల్లల్ని ఎత్తుకుని తల్లులొచ్చి కూచునుంటారు."

"అయిపోయిందక్కా. ఈ ఒక్క పుల్ల."

ముప్పై ఏళ్ళపాటు మార్తమ్మ ఆ ఆడవాళ్ళ సైకిలు మీదే కాలవ వెంబడి ఊరూరూ తిరిగి పిల్లలకి సూదులు వేసింది, గర్భిణులని చూసింది. ఉద్యోగం నుంచి దిగిపోయాక చెల్లెలి దగ్గరికే వచ్చేసింది, సైకిలు ఆ ఇంటి వెనక గోడకి చేరబడి తుప్పు పట్టింది. పోయిన వేసవిలో పక్షవాతం వచ్చి ఆమె కుడిపక్క పడిపోయింది, మాట పోయింది, ఉన్న మాటలన్నిటిలో ఒక్కటే మిగిలింది. "వెనక" అనేది. పదకొండు రోజులు ఆసుపత్రి మంచం మీద చెల్లెలి ముఖంలోకి చూస్తూ అదే అన్నది. ఎస్తేరు దిండు తీసి చూసింది, వీపు నొప్పేమోనని పక్కకి తిప్పింది, ఇంటికి పరిగెత్తి బీరువా వెనకా, ప్రభువు పటం వెనకా వెతికింది. సమాధి కార్యక్రమం అయిన మర్నాడు ఆమె చూపు సైకిలు వెనక చక్రం మీద పడింది. విప్పింది. ఎండి గట్టిపడిన గ్రీజు తప్ప అందులో ఏమీ లేదు. విప్పినదాన్ని అలా వదిలేయడానికి మనసొప్పక, మిషను కుట్టుకుని బతికే మనిషి, చేతనైనంతలో దాన్ని బాగుచేయడం మొదలుపెట్టింది. తుప్పుని కిరసనాయిలులో నానబెట్టి గరుకు కాగితంతో రుద్దింది, బెల్లుని చింతపండుతో తోమింది, చైనుకి కుట్టుమిషను నూనె పోసింది, బ్రేకు కడ్డీలు పాత ఇనుము కొట్టులో ఏరి తెచ్చుకుంది. సైకిలు షాపు మస్తాన్ ఈ బండికిప్పుడు సామాను దొరకదమ్మా అంటూనే బెండు ఎలా తీయాలో చూపించి పంపాడు. ఆ బెండే ఆమెకి లొంగడం లేదు.

"అక్కా, ఒకటి అడగనా?"

"అడుగు. చేతులు మాత్రం ఆపమాక."

"వెనక, వెనక అన్నావు గదా. ఏం చెప్పబోయావు?"

కాలవ ఒడ్డున వరసగా ఇనప మంచాలు వేసి ఉంటాయి, వాటి కింద నీళ్ళు మెల్లగా పారుతుంటాయి, మార్తమ్మ ఒక మంచం మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెడుతుంది.

"నోట్లో ఉన్నదొకటి, బయటికొచ్చేదొకటి," అంటుంది. "నువ్వేమో దిండు తీస్తావు."

"ఇప్పుడు నోరు తిరుగుతంది గదక్కా. ఇప్పుడన్నా చెప్పు."

"నీకు తెలియంది నేనెట్టా చెప్పనే పిచ్చిదానా. నీకు తెలిసిందేగా నా నోటెంట వచ్చేది."

ఎస్తేరు చేతిలోని పుల్లలు రెల్లుగడ్డిలా మెత్తబడి వంగిపోతుంటాయి. ఆమె అయినా బిగిస్తూనే ఉంటుంది.

"నువ్వు ఉజ్జోగంలో చేరిన కొత్తల్లో నన్ను వెనక కూచోబెట్టుకుని బళ్ళో దించేదానివి. అదా? అది గుర్తొచ్చిందా నీకు?"

"అదే అనుకో."

"అనుకోటం కాదు. అవునో కాదో చెప్పు."

"అవునంటే నీకు బాగుంటదా?"

"ఊఁ."

"అయితే అవును."

ఎస్తేరుకి ఏడుపొస్తుంది, ఎందుకంటే ఆ అవును అక్క ఇచ్చింది కాదని, తనకి తనే ఇచ్చుకున్నదని ఆమెకి తెలిసిపోతుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది అప్పుడు నోరు విడిచి చెబుతుంది.

"ఆ చివరి సాయంత్రం నేను విసుక్కున్నానక్కా. ఇంక ఊరుకో, వెనకేం లేదు అన్నా. ఆ తర్వాత నువ్వు మళ్ళీ నోరు తెరవలా. నేనన్నదానికే మానేశావా?"

మార్తమ్మ లేచి వచ్చి, పూర్తికాని సైకిలుని అలాగే తీసుకుని, ఎక్కుతుంది.

"అక్కా, బెండు పోలా. పడిపోతావు."

"పిల్లలు కూచునుంటారే," అంటుంది మార్తమ్మ, తొక్కుతుంది.

చక్రం ఆ పక్కకీ ఈ పక్కకీ ఒరుగుతూ కదులుతుంది, ఎస్తేరు వెంటపడి వెనక క్యారియరు పట్టుకోబోతుంది, వేళ్ళు దాని మీదే ఉంటాయి కాని బిగుసుకోవు, ఆగమని అరవబోతుంది, నోటెంట వచ్చేది ఆగు అన్న మాట కాదు, అదేమిటో ఆమెకే తెలియదు. మార్తమ్మ సైకిలు ఆపి, కాలు నేలకి ఆనించి, ఎంతో ఓపికగా చెల్లెలి ముఖంలోకి చూస్తుంది.

"ఏందే? మంచినీళ్ళా?"

కాదని ఎస్తేరు తల ఊపుతుంది.

"దుప్పటి కప్పనా? పక్కకి తిప్పనా?"

కాదు, కాదు. మళ్ళీ నోరు తెరుస్తుంది, మళ్ళీ ఆ మాటే వస్తుంది. మార్తమ్మ ముఖంలో ఓపిక అలాగే ఉంటుంది, ఏమీ అర్థం కాకపోవడమూ అలాగే ఉంటుంది.

ఎస్తేరు కళ్ళు తెరిచేసరికి వరండాలో మధ్యాహ్నపు ఎండ కాళ్ళదాకా వచ్చి ఉంది. అన్నం తిన్నాక గోనెపట్టా మీద అలా ఒరిగి నిద్రపోయినట్టుంది. కుడిచెయ్యి ఒంటి కింద నలిగి మొద్దుబారిపోయింది. ఎడమచేత్తో దాన్ని పట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఎవరిదో చేతిని పట్టుకున్నట్టుంది. గ్రీజు అంటిన ఆ వేళ్ళవంక చూస్తూ ముడుచుకోమని చెప్పింది. అవి ముడుచుకోలేదు.