గురువారం నడకల ఫ్లాస్కు

నేను ఒక ఫ్లాస్కును. బయట ఆకుపచ్చ రంగు వేసిన రేకు, లోపల వెండిపూత పూసిన గాజు, నెత్తిన కప్పులా వాడుకునే మూత. ఇంగ్లండులో పొగగొట్టాలు నిండిన ఒక ఊళ్లో, ఫ్యాక్టరీలో పుట్టాను. ఎర్రగా కాలిన గాజును బుడగలా ఊదారు. ఆ బుడగను ఇంకో బుడగలో పెట్టి, రెంటి మధ్యా ఉన్న గాలంతా లాగేశారు. నా గొప్పతనమంతా ఆ మధ్యనున్న శూన్యంలోనే ఉంది. లోపల ఏమీ లేకపోతే మనుషులు కుంగిపోతారు. నేను మాత్రం దాని పుణ్యమా అని వేడిగా బతికాను.

నన్ను మొదట కొన్నవాడు విల్ఫ్. హార్డెన్‌వెల్ అనే పల్లె పక్కన పారే కాలవ మీద లాకులు బాగుచేసేవాడు. అతను నాలో పోసుకునేది చిక్కటి టీ, అందులో పాకంలా చక్కెర. అతని చేతులు పెద్దవి, జాగ్రత్త తక్కువ. నన్ను రెండుసార్లు గట్టు మీద జారవిడిచి, రెండుసార్లూ లోపలి గాజు మార్పించాడు. విల్ఫ్ పోయాక అతని భార్య డోరీన్ నన్ను వంటింటి అలమరలో వెనక్కి నెట్టేసింది. అప్పుడప్పుడూ ఏదో వెతుకుతూ తలుపు తీసి, నన్ను చూసి, వెతికేది దొరక్కుండానే మూసేసేది. అలా కొన్నేళ్లు గడిచాయి.

ఒకరోజు నన్ను బయటికి తీసి వేడినీళ్లతో కడిగి, "నువ్వూ నేనూ ఇంట్లో కూర్చుని చేసేదేం లేదు" అంది. ఆ వారమే ఆమె గురువారం నడకలు మొదలుపెట్టింది.

ఈ నడకల సంగతి కొంచెం చెప్పాలి. పింఛను పుచ్చుకునే ఏడెనిమిది మంది పొద్దున చర్చి గేటు దగ్గర కలుస్తారు. ఒక వారం కాలవగట్టు వెంట, ఒక వారం పొలాల మధ్య కాలిబాటల్లో రెండు మూడు పల్లెలు చుట్టి, ఇంకో వారం పాత జమీందారు బంగళా ముందున్న లాంగ్‌మియర్ పార్కులో జింకలను చూస్తూ నడుస్తారు. అదే దారిలో బస్సు వెళుతుంది. అయినా ఎక్కరు. బురదలో కాళ్లు లాక్కుంటూ, కంచెలు దాటుతూ మధ్యాహ్నానికి మళ్లీ అదే చర్చి గేటు దగ్గరికి వచ్చి, కాశీకి వెళ్లొచ్చినంత తృప్తిగా ఒకరినొకరు అభినందించుకుంటారు. బయల్దేరిన చోటికే రావడానికి ఇంత కష్టం ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఆ గుంపులోకి ఒక చలికాలం చివర భ్రమరాంబ వచ్చింది. ఆమెదీ, ఆమె భర్త పూర్ణచంద్రరావుదీ ఆ ఊళ్లో మందుల షాపు. ముప్ఫై ఏళ్లకు పైగా నడిపి, అప్పుడే అమ్మేశారు. డోరీన్ ఆ షాపుకు పాత ఖాతాదారు. షాపు అమ్మేశాక భ్రమరాంబకు ఇల్లు ఇరుకైపోయింది. నడకకు వస్తానంది. భర్త మాత్రం రానన్నాడు.

మొదటిరోజు ఊలుటోపీ, పంజాబీ డ్రెస్సు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లతో వచ్చింది. కాలవ మీద లాకులు చూడగానే ఆగిపోయింది. తలుపులు మూసుకున్నాయి, నీళ్లు మెల్లగా పైకి లేచాయి, పొడుగాటి పడవ ఒకటి నీళ్లతోపాటు పైకొచ్చింది. "మా దుగ్గిరాల లాకులు ఇలాగే ఉండేవి" అంది ఇంగ్లీషులో. దుగ్గిరాల ఎక్కడుందని డోరీన్ అడగలేదు. "అయితే నీకు నేను చెప్పేదేం లేదు, కూర్చో" అని నా మూతలో టీ పోసిచ్చింది.

భ్రమరాంబ ఆ టీని మర్యాదగా మింగింది. తరువాతి గురువారం ఇంటినుంచి అల్లం, యాలకులు వేసి కాచిన టీ తెచ్చింది. డోరీన్ ఒక గుక్క తాగి కాసేపు కాలవ వంక చూసింది.

"వచ్చే వారం నుంచి ఫ్లాస్కు నీ దగ్గరే ఉంటుంది, అంబా."

భ్రమరాంబ అనే పేరు ఆమె నోరు తిరగక అంబా అయింది. ఇంటికెళ్లి ఆ మాట చెబితే పూర్ణచంద్రరావు కడుపుబ్బ నవ్వాడు. "పేరు పెట్టి పిలిచినట్టు లేదే, ఆవు అరిచినట్టుంది!"

అలా నేను తెలుగింటికి చేరాను. అల్లం వాసన నన్ను పట్టుకుంది, తెలుగు కూడా. ఆ ఇంట్లో మాటలు ఎక్కువగా పూర్ణచంద్రరావువే. మందుల షాపులో తెల్లకోటు వేసుకుని అందరికీ నెమ్మదిగా జవాబు చెప్పిన మనిషి, ఇంట్లో సోఫా మీంచి లేవకుండా క్రికెట్టు చూస్తూ లోకాన్నంతా సరిదిద్దేవాడు.

"పనున్నోడు నడుస్తాడు, పన్లేనోడు పడుకుంటాడు. పన్లేకుండా నడవడమేందే?" అనేవాడు ప్రతి గురువారం.

"మీకు చెప్పినా తెలవదు లెండి" అనేది ఆమె, నా మూత బిగిస్తూ.

రెండేళ్లు హాయిగా సాగింది. నేను ఆమె భుజాన వేలాడే సంచీలో ఊగుతూ ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాను. తరవాత ఒక శరదృతువులో ఆమె టీ రుచి మారింది. అల్లం మరిచిపోయేది. ఒకసారి చక్కెర రెండుసార్లు వేసింది. సంచీని ఎప్పుడూ వేసుకునే ఎడమ భుజం మీంచి కుడి భుజానికి మార్చింది.

ఒక గురువారం మిగతావాళ్లు హంసలకు రొట్టెముక్కలు వేస్తూ ముందుకు వెళ్లారు. లాకుల పక్కన బెంచీ మీద డోరీన్, భ్రమరాంబ ఇద్దరే మిగిలారు. భ్రమరాంబ నన్ను ఒళ్లో పెట్టుకుంది కానీ మూత తీయలేదు.

"డోరీన్, నాకు రొమ్ములో గడ్డ తగిలింది" అంది. "ఆస్పత్రిలో సూదితో కొంచెం ముక్క తీశారు. ఫలితం వచ్చే గురువారం ఫోను చేసి చెబుతామన్నారు."

"మీ ఆయన ఏమన్నాడు?"

"చెప్పలేదు. మా అమ్మాయికీ చెప్పలేదు. నీకే చెప్పాను."

డోరీన్ ఓదార్చే మనిషి కాదు. వీపు నిమరలేదు, అంతా మంచే జరుగుతుందని అనలేదు. నన్ను తీసుకుని, మూత విప్పి, టీ పోసి ఆమె చేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"వచ్చే గురువారం నడకకు వస్తావా?"

"ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది."

"సరే. ఈ గట్టు మీద ఫోన్లు పలకవు. దారి మారుద్దాం."

తరువాత నాకు తెలిసిందేమిటంటే, మొబైలు ఫోనును పాములా చూసే డోరీన్, మనవరాలి ఫోను అడిగి తీసుకుని, ముందురోజు వానలో ఒంటరిగా కొత్త దారంతా నడిచింది. ఎక్కడ పలుకుతుంది, ఎక్కడ పలకదు అని చేయి పైకెత్తి చూసుకుంటూ వెళ్లిందట. దారి ఎందుకు మారిందని మిగతావాళ్లు అడిగితే, "గట్టు మీద బురద" అంది. ఆ దేశంలో బురద లేని దారి ఎక్కడుందని ఎవరూ అడగలేదు.

ఆ గురువారం పొద్దున నేను టీతో నిండి గుమ్మం దగ్గర సిద్ధంగా ఉన్నాను. పూర్ణచంద్రరావు మేడ మెట్లు దిగి వచ్చాడు. పొడుగాటి కోటు, మెడకు మఫ్లరు, కాళ్లకు షాపులో వేసుకునే నల్లటి తోలు బూట్లు, చేతిలో గొడుగు.

"నేనూ వస్తా."

భ్రమరాంబ తెల్లబోయింది. "మీరా? ఎందుకు?"

"క్రికెట్టు లేదివాళ."

"ఆ బూట్లేందండీ! జారతారు."

"ముప్ఫై ఏళ్లు ఇవే బూట్లతో నిలబడ్డా. జారలా. ఆ సంచీ ఇటియ్యి."

ఆమె ఇవ్వలేదు. ఆయన తీసుకున్నాడు. ఆ వేళ నేను మొదటిసారి ఆయన భుజానికి వేలాడాను.

దారిపొడుగునా విసుక్కున్నాడు. ఒక్కొక్కరే పట్టే తిరుగుడు గేట్లను విసుక్కున్నాడు, కంచె దాటే మెట్లను విసుక్కున్నాడు, తనవంక అదేపనిగా చూసిన ఆవుల మందను విసుక్కున్నాడు. కానీ ఎంత విసుక్కున్నా భార్యకు రెండడుగుల వెనకే నడిచాడు. అంతకు మించి వెనకబడలేదు. ఆమె ఆగితే ఆగాడు. డోరీన్ ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగి ఆయనను చూసింది.

లాంగ్‌మియర్ పార్కులో అడుగుపెట్టేసరికి వాన వెలిసింది. నున్నటి పచ్చిక వాలు మీద పెద్ద పెద్ద చెస్ట్‌నట్ చెట్లు ఆకులు రాలుస్తున్నాయి. దూరంగా జింకలు తలలెత్తి చూశాయి. అప్పుడు ఫోను మోగింది.

భ్రమరాంబ కోటు జేబులోంచి ఫోను తీసింది. భర్త వంక ఒక్క చూపు చూసి, ఆయనకు వినపడకూడదని గబగబా వాలు దిగి చెట్టు కిందికి వెళ్లింది. ఆయన ఆమె వెనకాలే పరుగెత్తాడు. డెబ్బై ఏళ్ల మనిషి, తోలు బూట్లు, తడి గడ్డి. రెండు కాళ్లూ గాల్లోకి లేచాయి. గొడుగు ఒకవైపు, ఆయన ఒకవైపు. నేను ఆయన కింద పడ్డాను. నా లోపల ఫట్‌మని ఒక చిన్న చప్పుడు. ఎన్నేళ్లుగానో నాలో దాచుకున్న శూన్యంలోకి గాలి దూరింది. నొప్పి ఏమీ లేదు.

ఆయన లేవలేదు. బురదలో మోచేతుల మీద ఆనుకుని భార్యనే చూస్తున్నాడు. ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుని, బురదలో ఉన్న మొగుణ్ణి చూస్తూ, "అవును... నేనే... చెప్పండి" అంటోంది. తరువాత ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. చివరికి, "ఇంకొక్కసారి చెబుతారా?" అని అడిగింది. మళ్లీ విన్నది. "థాంక్యూ" అంది. ఇంకో నాలుగుసార్లు అదే మాట అంది.

ఫోను జేబులో పెట్టుకుని వచ్చి, ఆయన పక్కన ఆ బురదలోనే చతికిలబడింది.

"ఏం కాలేదంట" అంది. "ఉత్త గడ్డంట. దాన్నలా వదిలేసినా పర్లేదంట."

ఆయన కళ్లు మూసుకుని తల వెనక్కి గడ్డి మీద వాల్చేశాడు.

"ఏం గడ్డని అడగరేం?" అంది ఆమె. ఒక్క క్షణం ఆగి, "మీకు తెలుసా?" అంది.

"తెలవకపోవడమేంది! పక్కలో ఎడంవైపుకి తిరగడం మానేశావు. పై అరలో డబ్బా నన్ను తియ్యమన్నావు. పెళ్లయిన కాడ్నించీ నన్ను డబ్బా తియ్యమన్న రోజుందా? ఇవాళ పొద్దున ఫోను స్నానాల గదిలోకి కూడా పట్టుకెళ్లావు. ముప్ఫై ఏళ్లు మందులమ్మినోణ్ణే నేను."

"మరి ఒక్కమాటన్నా అడగలేదేం?"

చెట్టు మీంచి ఒక ఆకు రాలి ఆయన కోటు మీద పడింది.

"అడిగితే నేను బెంబేలెత్తుతా. అప్పుడు నువ్వు నాకు ధైర్యం చెప్పాలి. నీకదొక పని. అందుకని ఊరుకున్నా."

భ్రమరాంబ ఆయన భుజం మీద ఒక్క దెబ్బ వేసింది. తరవాత ఆ భుజం మీదే తల పెట్టి ఏడ్చింది. ఆయన బురద చేత్తోనే ఆమె ఊలుటోపీ సర్దాడు. "ఏడువు, ఏడువు. ఎవరూ చూడట్లేదులే" అన్నాడు.

అందరూ చూస్తున్నారు. పైన వాలు మీద డోరీన్ కర్రలా నిలబడిపోయింది. ఆమెకు తెలుగు రాదు కదా, కనిపించేది బురదలో కూలబడి ఏడుస్తున్న స్నేహితురాలు. అది గుర్తొచ్చి భ్రమరాంబ చటుక్కున తలెత్తి, బొటనవేలు పైకెత్తి చూపించింది. డోరీన్ అటు తిరిగి ముక్కు చీదుకుంది. ఆ చప్పుడుకి జింకలు పరుగెత్తాయి.

కాసేపటికి కిందికి దిగి వచ్చింది. "ఇప్పుడు టీ కావాలి" అంది.

పూర్ణచంద్రరావు సంచీలోంచి నన్ను తీశాడు. లోపల గలగలమని గాజుముక్కలు. ఆయన మొహం పాలిపోయింది. చనిపోయిన మనిషి ఫ్లాస్కు అని ఆయనకు తెలుసు.

"డోరీన్, క్షమించాలి. మీ విల్ఫ్‌ది..."

"విల్ఫ్ కూడా రెండుసార్లు పగలగొట్టాడు" అంది డోరీన్. "మీకు ఇంకా ఒక్కటి బాకీ ఉంది."

భ్రమరాంబ నవ్వింది. కళ్లనీళ్లు, బురద, నవ్వు అన్నీ కలిసిపోయాయి. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని లేచారు. మిగతా గుంపుతో కలిసి హార్డెన్‌వెల్ పబ్బుకు వెళ్లి, పొయ్యి దగ్గర బూట్లు ఆరబెట్టుకుని, రుచీ పచీ లేని టీని పండగలా తాగారు. పూర్ణచంద్రరావు అక్కడినుంచే కూతురికి ఫోను చేశాడు. మొదట మంచి కబురు చెప్పి, ఆ తరువాతే జరిగింది చెప్పాడు. అవతల ఆ పిల్ల ముందు ఏడ్చి, తరువాత ఇద్దర్నీ తిట్టిందట.

నాకు సరిపోయే లోపలి గాజు ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. వాళ్లు పగలని స్టీలు ఫ్లాస్కు కొన్నారు. నన్ను పారేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. లాకుల పక్కన పాత కాపలాదారు ఇంటిని కాలవ మ్యూజియం చేశారు. డోరీన్ నన్ను అక్కడ ఇచ్చింది. సుత్తులకీ, కొక్కేలకీ మధ్య అద్దాల బీరువాలో ఉన్నాను. నా ముందు 'కాలవ పనివాడి ఫ్లాస్కు' అని చిన్న అట్ట పెట్టారు. చూసినవాళ్లు నన్ను పాతకాలపు వస్తువని మెచ్చుకుని పోతారు. అల్లం వాసన అద్దం దాటి రాదు కదా.

పోయిన గురువారం జోరున వాన. నడక మధ్యలో ఆపి గుంపంతా మ్యూజియంలోకి వచ్చింది. పూర్ణచంద్రరావు కాళ్లకు ఇప్పుడు సరైన బూట్లున్నాయి, మడమల దాకా బురద ఉంది. నన్ను చూసి, కౌంటరు దగ్గరున్న అమ్మాయిని పిలిచి, "దీన్ని పగలగొట్టింది నేనే" అన్నాడు, ఆ మ్యూజియం కట్టించింది తనే అన్నంత గర్వంగా.

"ఊరుకోండి" అంది భ్రమరాంబ.

వాన తగ్గింది. అందరూ టోపీలు పెట్టుకుని బయల్దేరబోయారు. పూర్ణచంద్రరావు గుమ్మంలో ఆగి వెనక్కి చూశాడు.

"ఏమే, నడక తేడాగా ఉంది. మోకాలు నొప్పా?"

"నొప్పే" అంది ఆమె వెంటనే. "పొద్దున్నుంచీ ఉంది."

ఆయన డోరీన్‌కు చేత్తో సైగ చేసి, లోపలికి వచ్చి, నా బీరువా ముందున్న బల్ల మీద భార్యను కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చున్నాడు. మిగతావాళ్లు వెళ్లిపోయారు. వాళ్లిద్దరూ బస్సు వచ్చేదాకా అక్కడే కూర్చుని, కిటికీలోంచి కాలవ చూస్తూ, ఏవేవో మాట్లాడుకున్నారు.