నజ్మా కిడ్నీకి నజ్మా మందు

నాలో పనిచేస్తున్న కిడ్నీ నా భార్య నజ్మాది. ఆపరేషనై రెండేళ్ళయినా దాని మీద పెత్తనం ఆమెదే. నీళ్ళు తాగకపోతే "నా కిడ్నీని ఎండగడుతున్నారండీ" అంటుంది. దాన్ని మోసే కూలీని నేను.

మొన్న రక్తపరీక్షలో నాకు కొలెస్ట్రాల్ ఎక్కువని తేలింది. నజ్మాకీ అదే ఉంది, రోజూ మాత్ర వేసుకుంటోంది.

"విజయవాడ డాక్టరు గారి దాకా ఎందుకండీ? నా మాత్రే మీరూ వేసుకోండి. నా ఒంటికి పడిన మందు నా కిడ్నీకి పడదా?"

నాకూ సబబుగానే తోచింది. వేసుకున్నాను.

కొన్నాళ్ళకు తొడలు లాగడం మొదలైంది. నేను తివాచీలు నేస్తాను. మగ్గం ముందు చెక్క పలక మీద పొద్దస్తమానం కూర్చునేవాడికి అది వింతేం కాదు. అయితే ఒక పొద్దున పలక మీద నుంచి లేవలేకపోయాను. తమ్ముడు జిలానీ చంకల కింద చేతులేసి లేపాడు. తర్వాత బాత్రూములో చూస్తే మూత్రం చిక్కటి డికాషన్ రంగులో ఉంది. నజ్మాని కేకేసి పిలిచాను.

ఆటోలో ఏలూరు ఆసుపత్రికి బయల్దేరితే వట్లూరు దగ్గర రైలు గేటు పడింది. గూడ్సుబండి ఎంతకీ తెమలలేదు. నజ్మా నా పొత్తికడుపు మీద, కుట్ల దగ్గర, అరచెయ్యి పెట్టి "ఉందా అండీ? పనిచేస్తోందా?" అని అడుగుతూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు తేజశ్రీ గారు మేం పట్టుకెళ్ళిన నా మాత్రలన్నీ చూసి, కొలెస్ట్రాల్ మాత్ర దగ్గర ఆగిపోయారు.

"ఇది ఎవరు రాశారండీ?"

"నాదేనండీ," అంది నజ్మా.

"ఈయన వేసుకునే సైక్లోస్పోరిన్, ఒళ్ళు ఆ కిడ్నీని తిప్పికొట్టకుండా ఆపే మందమ్మా. దాంతో కలిపితే మీ మాత్ర బయటికి పోక రక్తంలో పేరుకుపోతుంది. కండరాలు చితికిపోయి, ఆ చెత్తంతా కిడ్నీలో అడ్డుపడుతోంది. మీకు పడిందని ఈయనకెలా పడుతుందమ్మా?"

"కిడ్నీ పోతుందా అండీ?"

"సెలైన్ ఎక్కిస్తాం. రేపటికిగానీ చెప్పలేను."

నజ్మా మంచం ఊచ పట్టుకుని నిలబడింది. "నా దగ్గర ఇంకోటుంది కదండీ," అంది.

"దాంతోనే మీరు బతకాలమ్మా," అన్నారు డాక్టరు గారు మెల్లగా.

అంతవరకూ నా ప్రాణం గురించే భయపడ్డాను. ఆ మాటతో నజ్మాని చూస్తేనే భయం వేసింది. ఒప్పుకునే డాక్టరు దొరికితే ఈ మనిషి అదీ కోయించుకుంటుంది.

మర్నాటికి మూత్రం రంగు కొంచెం తేలికపడింది. ఆ తర్వాతి పరీక్షలో కిడ్నీ కోలుకుంటోందని చెప్పారు.

ఇంటికొచ్చాక నజ్మా గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. దగ్గరికి రావడానికి జంకినట్టు దూరం నుంచే చెయ్యి చాచింది.

"తాగండి. మీ కిడ్నీ ఎండిపోతుంది."

అది నాదని ఆమె అనడం ఇదే మొదటిసారి. నీళ్ళు తాగలేక ఏడ్చాను.