పడని ఎల్లాజీ హెడ్‌గార్డు

నేను ఒక హెడ్‌గార్డుని. బాక్సర్లు సాధన చేసేటప్పుడు తలకు తొడుక్కునే తోలు టోపీని. మీరట్‌లో ఒక షెడ్డులో నన్ను కుట్టారు. పైన తోలు, లోపల స్పాంజి, గడ్డం కింద పట్టీ. నన్ను పెట్టి పంపిన పెట్టె మీద ‘తలకు రక్షణ’ అని అచ్చువేశారు. అది సగం నిజం. కనుబొమ చిట్లకుండా, చెవి నలగకుండా నేను కాపాడగలను. తల ఊగకుండా ఆపలేను. ఆ ఊపుకి పుర్రె లోపల మెదడు కదులుతుంది. అక్కడిదాకా నా స్పాంజి చేరదు. మనుషులు పెట్టె చదివి నమ్మారు.

విశాఖలో చేపల రేవు దగ్గర గున్నయ్య మాస్టారి బాక్సింగ్ శాలకు వచ్చాను. నన్ను మొదట తొడుక్కున్నవాడు దాలినాయుడు. మెడ సన్నం. ఎంతసేపూ తాను కొట్టబోయే దెబ్బనే చూసుకునేవాడు గానీ, వచ్చే దెబ్బను చూసేవాడు కాదు. దవడకి ఒకటి తగిలితే కూర్చుండిపోయేవాడు.

“నీకు దవడ బదులు అప్పడం పెట్టినాడ్రా దేవుడు,” అనేవారు మాస్టారు.

ఆయనకి ఒక నియమం ఉండేది. పడినవాడు నెల రోజులు బరిలోకి రాకూడదు. తాడాట ఆడుకోవాలి, ఇసుక బస్తా కొట్టుకోవాలి. ఆ నెలలన్నీ నేను మేకుకి వేలాడేవాణ్ణి. అలా వేలాడుతున్న నన్ను ఒకరోజు ఎల్లాజీ తీసుకున్నాడు.

ఎల్లాజీ జాలరి. వలలు లాగిన మెడ. దెబ్బ వస్తుంటే చూసి మెడ బిగబట్టేవాడు. తగిలాక కళ్లార్పి నవ్వేవాడు.

“గోకినావేటి?”

నిలబడ్డవాడికి మాస్టారి దగ్గర ఏ నియమమూ లేదు. అందుకని కొత్తగా చేరిన ప్రతివాణ్ణీ ఎల్లాజీ మీదికి పంపేవారు. పోటీలకి ముందు పొద్దుటా సాయంత్రమూ అందరూ అతన్నే కొట్టేవారు. “ఆడికేటీ కాదు, కొట్టండి,” అనేవారు మాస్టారు. ఆ మాట ఎల్లాజీకి పతకం కన్నా ఇష్టం. నేను అతని చెమటతో బరువెక్కాను. అతనంటే నాకూ ఇష్టమే. ప్రతి సాయంత్రం నన్ను తడిగుడ్డతో తుడిచి ఎండకి పెట్టింది అతనొక్కడే.

ఏళ్లు గడిచాయి. దాలినాయుడు ఆట మానేసి బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యాడు. ఎల్లాజీ నలభైకి దగ్గరపడి పడవకి తిరిగి వెళ్లాడు, నన్ను ఇంటికి తీసుకెళ్లాడు. అతని మాట నెమ్మదించింది. వల బాగుచేస్తూ వేసిన ముడి మీదే మళ్లీ ముడి వేసేవాడు. రేవుకని బయల్దేరి వీధి మొగలో ఆగి, ఎందుకు వచ్చానా అని నిలబడేవాడు. అతని భార్య పోలమ్మ చేపలమ్ముతుంది. ఆవిడ చూస్తూనే ఉంది.

అప్పుడు మాస్టారి కబురు వచ్చింది: రాష్ట్ర పోటీలున్నాయి, కుర్రాళ్లని తయారుచెయ్యాలి, ఎల్లాజీ కొన్నాళ్లు బరిలో నిలబడాలి. ఎల్లాజీ నన్ను దులిపి పట్టీ సరిచూసుకున్నాడు. పోలమ్మ దాలినాయుణ్ణి పిలిపించింది. ఇద్దరూ కలిసి అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. నన్ను చూపిస్తే డాక్టరమ్మ సరేనంటుందని ఎల్లాజీ నన్ను ఒళ్లో పెట్టుకున్నాడు.

పరీక్షలయ్యాక దాలినాయుడు అడిగాడు. “పడిపోయేవాణ్ణి నేనండీ. ఈయన ఒక్కసారీ పడలేదు. మరి ఈయనకెందుకిలా?”

“కిందపడటం ఒక లెక్క, లోపల దెబ్బతినటం ఇంకో లెక్క,” అంది డాక్టరమ్మ. “మెడ బలం, దెబ్బని ముందే చూడటం, పుట్టుకతో వచ్చిన తీరు, వీటిని బట్టి ఒకరు పడతారు, ఒకరు నిలబడతారు. మీరు పడ్డప్పుడల్లా మీ తలకి విశ్రాంతి దొరికింది. ఈయనకి దొరకలేదు. చిన్న దెబ్బలైనా లోపల పోగవుతాయి. ఎన్నింటికి ఎవరికి ఏమవుతుందో మేం ముందుగా చెప్పలేం. ఈయనకి ఇక ఒక్కటి కూడా తగలకూడదని మాత్రం చెప్పగలను.”

“టోపీ ఎట్టుకుంటానమ్మా,” అన్నాడు ఎల్లాజీ.

ఆవిడ నన్ను వేలితో నొక్కి చూసి అతని ఒళ్లోనే వదిలేసింది.

సంగతి తెలిసి మాస్టారు ఇంటికి వచ్చారు. గుమ్మంలో కూర్చుని మంచినీళ్లు తాగారు. “నిలబడ్డావు గదాని బాగున్నావనుకున్నాన్రా,” అన్నారు. ఎల్లాజీ ఆయన్ని ఓదార్చాడు. “నాకేటయ్యింది మాస్టారూ, రేపొత్తాను గదా.”

అన్నట్టే మర్నాడు పొద్దున బయల్దేరబోయాడు. నేను మేకుకి లేను. అప్పటికే పోలమ్మ నా చెంపల్ని, పట్టీని కత్తితో కోసేసింది. మిగిలిన నన్ను చుట్టకుదురులా నెత్తిన పెట్టుకుని, నా మీద చేపల బుట్ట ఎత్తుకుంది.

“నా టోపీ ఏదే?”

“నా నెత్తి మీదుంది. తీసుకో. బుట్ట కూడా నువ్వే మొయ్యాల మరి.”

ఎల్లాజీ బుట్ట వైపు చూశాడు. లోపల వంజరాలు, కవళ్లు. అతను పెద్దగా నవ్వి అరుగు మీద కూర్చుని వల ముందుకు లాక్కున్నాడు.

అప్పటినుంచి నేను పోలమ్మతో వీధులు తిరుగుతున్నాను. చేపల నీళ్లు కారి నా తోలు నల్లబడింది. నా మీద ఇప్పుడు బరువు ఉంది, దెబ్బ లేదు. ఆవిడ గుమ్మం దాటుతుంటే అతను రోజూ అదే అడుగుతాడు, టోపీ ఏదని. ఆవిడ రోజూ అదే చెబుతుంది. అతను రోజూ నవ్వుతాడు. నిజంగా మరిచిపోయి అడుగుతున్నాడో, ఆ జవాబు వినడానికి అడుగుతున్నాడో ఆవిడకి తెలియదు. ఇన్నేళ్లు ఆ తలని అంటిపెట్టుకుని ఉన్న నాకూ తెలియదు.