చాలు అనబోయే ముందు

జిమ్నాస్టిక్స్‌లో బీమ్ అనే సన్నటి దూలం మీద వెనక్కి వెళ్ళే పిల్లకి తన వెనక ఎంత చోటు మిగిలిందో కనబడదు. అందుకే కోచ్ కింద నిలబడి చెబుతుంది. చోటుంటే "ఉంది." చివర దగ్గరపడితే "చాలు." ఇన్నేళ్ళ ఆమె పాఠం ఈ రెండు మాటల మీదే నడిచింది.

ఆ ఉదయం పాలు కొంటుంటే కొట్లో సంచి ఉందా అని అడిగారు. "ఉంది" అంది. నిన్న సాయంత్రం జిమ్ తాళం వేశాక తను పలికిన మొదటి మాట అదేనని వీధి మలుపు తిరిగాక తోచింది. ఇంట్లో మాటతో పనిలేదు.

శనివారం జట్టు ఎంపిక. పిల్ల బీమ్ మీద ఉండగా అక్కడ కోచ్ నోరు విప్పితే మార్కులు పోతాయి. అందరూ గువ్వ అని పిలిచే పదేళ్ళ పిల్లకి ఇదే మొదటి ఎంపిక. పడితే జట్టులోకి తీసుకోరు. అందుకని కోచ్ ఇవాళ్టి పాఠం నుంచే మౌనంగా ఉండాలనుకుంది.

గువ్వ వెనక్కి వంగి, చేతులు ఆనించి, కాళ్ళు తిప్పుకుని లేచింది. మళ్ళీ అలాగే చేసింది. తర్వాత ఒక అడుగు వెనక్కి వేసింది, బీమ్ లేని చోట.

పరుపు మీద పడ్డ చప్పుడుకి బల్ల మీద కూర్చున్న గువ్వ అమ్మమ్మ లేచింది. "ఇంట్లోనూ ఇంతేనండీ. గడప కనబడితే చాలు, కాలి వేలు తగిలించుకుంటుంది. ఇక్కడ పిల్లిలా నడుస్తుంటే, మా ఇంట్లోనూ ఒక దూలం వేయిద్దామా అనుకున్నాను."

"అమ్మమ్మా, నువ్వూరుకో."

కోచ్‌కి అర్థమైంది. ఈ పిల్లకి బీమ్ తెలియదు, తన గొంతు తెలుసు. కోచ్‌గా సిగ్గుపడాల్సిన సంగతి. కానీ లోపలెక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయిని గమనించి, తన మీద తనకే కొంచెం అసహ్యం వేసింది.

మర్నాడు మాట్లాడలేదు. గువ్వ పడలేదు. ఆ మర్నాడూ పడలేదు.

"ఎలా తెలుస్తోంది?" అని కోచ్ అడిగింది.

"మీరు ఊపిరి తీసుకుంటారుగా మేడం. చాలు అనబోయే ముందు."

"నేనా?"

"ముక్కుతో. ఉంది అనేటప్పుడు తీసుకోరు."

తన గురించి ఇంత సూక్ష్మంగా తెలిసిన మనిషి ఇంకెవరున్నారా అని కోచ్ వెతుక్కుంది. ఎవరూ తట్టలేదు. ఈసారి ఊపిరి బిగబట్టి నిలబడింది. గువ్వ సగంలో ఆగిపోయింది.

"మేడం, ఊపిరి తీసుకోండి. నాకు భయమేస్తోంది."

అమ్మమ్మ పకపకా నవ్వింది. "ఎవరు ఎవరికి నేర్పుతున్నారో నాకైతే తెలియట్లేదు తల్లీ."

గువ్వ నవ్వలేదు. బీమ్ మీదే కూర్చుని కాళ్ళు ఆడిస్తూ, మెల్లగా అంది. "కాసేపు బయటికి వెళ్తారా మేడం? ఏమనుకోకండి."

కోచ్ వరండాలోకి వచ్చి తలుపు మూసింది. గోడ వారగా పిల్లల చెప్పులు, ఒక కుళాయి. లోపల చిన్న అడుగులు. అరచేతులు ఆనిన చప్పుడు. పాదం. మళ్ళీ అరచేతులు. తర్వాత ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో ఆమె ఛాతీ తనంతట తానే పైకి లేచింది. ముక్కుతో తీసుకున్న గాలి అందులోనే ఉండిపోయింది. ఇవ్వడానికి ఎదురుగా ఎవరూ లేరు.

రెండు పాదాలూ ఒక్కసారే పరుపు మీద దిగాయి.

తలుపు తెరుచుకుంది. గువ్వ ముఖం ఎర్రగా ఉంది.

"ఎంత మిగిలింది?"

"ఒక పాదమంత. కాలి వేళ్ళతో వెనక తడిమి చూశాను."

"అలా చూడమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

లోపల్నించి అమ్మమ్మ గొంతు వినిపించింది. "నేను కళ్ళు మూసుకున్నాను. పడిందో లేదో ఎవరైనా చెప్పండమ్మా."

గువ్వ వెళ్ళబోయి ఆగింది. "శనివారం కూడా..."

"అడుగు."

"శనివారం కూడా మీరు బయటే ఉంటారా మేడం?"

ఎంపిక దగ్గర కోచ్‌లకి బీమ్ పక్కనే కుర్చీ వేస్తారు. ఆ సంగతి చెప్పబోయి మానుకుంది.

"ఉంటాను."

"అయితే ఇంకోసారి చేస్తాను. రాకండి."

తలుపు మూసుకుంది. కాసేపటికి లోపల అరచేతులు ఆనిన చప్పుడు. తలుపుకి చెవి ఆనించి ఉన్న కోచ్ ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకా వినబడుతోంది. వరండా చివరిదాకా నడిచింది.